ద్వారబంధంలో సగం

ఈ దసరాకు గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లే పని లేదని, మా మిద్దె తోటలో కుండీల నిండా పూసిన బంతిపూలతోనూ, సెల్లారు పక్కనున్న మామిడి చెట్టు ఆకులతోనూ గుమ్మానికి తోరణం నేనే కడతానని పండుగ ముందురోజు రాత్రి భోజనాల దగ్గర ప్రకటించాను. మా శ్రీమతి ఏమీ అనలేదు. తెల్లవారుజామున చీకటిలోనే కొమ్మలు తెంపాను. పురికొస మీద ఆకును మడిచి చీపురుపుల్ల గుచ్చడం చిన్నప్పుడు మా నాయనమ్మ నేర్పిన విద్యే కనుక తోరణం తయారైంది.

ఎనిమిది గంటలకు నేను స్టూలు మీద నిలబడి, తోరణం రెండు కొసలనూ రెండు చేతులతో ద్వారబంధం పైకి ఎత్తి పట్టుకుని, రెండు మేకులను పళ్ల మధ్య కరచుకుని, సుత్తి అందించమని ఇంట్లోవారికి ఎలా తెలియజేయాలా అని ఆలోచిస్తుండగా, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గారు మెట్లు దిగుతూ వచ్చి నా ముందు ఆగారు. లిఫ్టు రెండు నెలలుగా కదలడం లేదు కనుక ఆయనైనా మెట్లే దిగాలి. "పండుగ శుభాకాంక్షలు సార్. కానీ మేకు కొట్టకూడదండీ. ద్వారబంధానికి లోపలి సగం మీది, బయటి సగం అసోసియేషన్‌ది," అన్నారు. నాలుగంగుళాల చెక్కలో సరిహద్దు ఎక్కడుందో చూపించడానికి ఆయన జేబులోంచి పెన్ను కూడా తీశారు.

సరిగ్గా అప్పుడే నా కుడి ముంజేతి మీద ఏదో నడిచింది.

ఇక్కడ ఆ నడిచిన జీవిని గురించి కొంత చెప్పక తప్పదు. తెల్లవారుజామున ఒక కొమ్మకు నాలుగైదు ఆకులు తెల్లటి పొరతో అతుక్కుని ఉంటే సాలెగూడు కాబోలనుకుని దులిపి పక్కన పెట్టాను. అది మామిడి చెట్ల మీద ఆకులను కలిపి కుట్టి గూడు కట్టే ఎర్రచీమల నివాసం. ఈ చీమలు వరుసగా నిలబడి ఆకుల అంచులను దగ్గరకు లాగి పట్టుకుంటాయి. కొన్ని తమ లార్వాలను నోట కరచుకుని వచ్చి, వాటి నుంచి వెలువడే పట్టుదారంతో ఆ అంచులను అతికిస్తాయి. పెద్ద చీమలకు దారం తీసే శక్తి లేదు, కాబట్టి పసిపిల్లలే సూదీ దారమూను. మనిషిని కరిచినప్పుడు గాయం మీద ఫార్మిక్ ఆమ్లం కూడా చిమ్ముతాయి. ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాలో వీటితో నూరే చట్నీకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ జిల్లా ప్రజల పట్ల నాకు ఆ క్షణం నుంచి అపారమైన గౌరవం ఏర్పడింది. పళ్ల మధ్య సామాను పట్టుకుని, పైకెత్తిన అవయవాలతో ఆకులను నిలబెట్టడంలో నాకూ వాటికీ పోలిక ఉన్న మాట నిజమే గానీ, వాటి పనికి ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు.

మొదటి చీమ మోచేయి దాటింది. వెనుక మరికొన్ని వస్తున్నాయి. చేతులు దించితే తోరణం పోతుంది, నోరు తెరిస్తే మేకులు సెక్రటరీ గారి నెత్తిన పడతాయి. ఆయన మాత్రం 2 నెలల క్రితం సర్వసభ్య సమావేశంలో ఆమోదించిన తీర్మానాన్ని, ఎవరు ప్రతిపాదించారో, ఎవరు బలపరిచారో వివరిస్తూ, ప్రతి వాక్యం చివరా "అర్థమైంది కదండీ?" అని అడుగుతున్నారు. చీమ చంకలోకి ప్రవేశించింది. "ఉల్లంఘిస్తే ఐదువందలు జరిమానా. అభ్యంతరం లేదు కదండీ?" అని ఆయన అడగడమూ, అది కుట్టడమూ ఒకేసారి జరిగాయి.

"ఊఁ!" అన్నాను. మేకులు నోట్లో ఉన్న మనిషి అంతకు మించి ఏమీ అనలేడు.

తరువాత నేను కుడిచేయి వదిలేశాను. తోరణం ఎడమ కొస ఆధారంగా ఊగి, శ్రీమతి గంటసేపు కూర్చుని వేసిన రంగుల ముగ్గును ఒక అంచు నుంచి మరో అంచుకు తుడిచింది. చీమలు సెక్రటరీ గారి జోలికి పోలేదు. గడప దాటి నేరుగా మా ఇంట్లోకి, అంటే నా సొంత సగంలోకి నడిచాయి.

సాయంత్రం అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో సందేశం వచ్చింది: "మూడో అంతస్తు సభ్యులు గారు మేకుల నిబంధనకూ, జరిమానాకూ మౌఖికంగా సమ్మతించారు. ఇతర సభ్యులు గమనించగలరు." దాని కింద మొదటి బొటనవేలి గుర్తు మా శ్రీమతిది.