జల్లెడ ఖర్చు ఎవరి ఖాతాలో?

ఏ వస్తువుకైనా పోషణ ఖర్చు దాని వెలను మించరాదన్నది నా జీవిత సూత్రం. చెప్పు కుట్టించే కూలి చెప్పు వెల దాటితే ఆ చెప్పునే వదులుకోవాలని నేను ఇంట్లో పలుమార్లు ఉపన్యసించి ఉన్నాను. అందుచేత మా అమ్మాయి ఒక బెట్టా చేప కావాలని అడిగిన రోజున నేను కాదనలేదు సరికదా, లోలోపల సంతోషించాను కూడా. వేలెడంత ప్రాణి, మొరగదు, షికారుకు తిప్పమనదు, పరుపులు చింపదు. పద్దు పుస్తకంలో కొత్త పేజీ తెరిచి, పైన ‘చేప’ అని రాసి, దాని వెల వేసి, కింద రెండు గీతలు గీశాను. మా ఇంట్లో రెండు గీతలంటే లెక్క ముగిసిందని అర్థం.

దుకాణంలో అది ఒక చిన్న గాజు సీసాలో, తన తోకను తానే తప్పించుకుంటూ తిరుగుతోంది. “దీనికి ఇంతకన్నా చోటు అక్కర్లేదండీ, పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది” అని దుకాణదారు చెప్పగానే ఆయన మీద నాకు అపారమైన గౌరవం కలిగింది. ఆయన చెప్పినదాంట్లో సగం నిజమే. ఈ చేపకు మొప్పలతో పాటు లాబిరింత్ అనే అవయవం ఉండడం వల్ల నీటి మీది గాలిని నేరుగా పీల్చుకోగలదు. అయితే మా అమ్మాయి ఇంటి దగ్గరే అంతా చదివి వచ్చింది. “లిఫ్టులో కూడా గాలి ఆడుతుంది నాన్నా, అందులో కాపురం పెట్టమంటే పెడతావా?” అని అడిగింది. అంతటితో ఊరుకోక, థాయిలాండ్ 2019లో ఈ చేపను తన జాతీయ జలచరంగా ప్రకటించిందని కూడా చెప్పింది. ఒక దేశం నెత్తిన పెట్టుకున్న ప్రాణిని మందు సీసాలో పెట్టానన్న అపకీర్తి నాకెందుకని, ట్యాంకు వెల అడిగాను.

అక్కడి నుంచి నా లెక్కలన్నీ డబ్బులో కాక చేపల్లో సాగాయి, ఎందుకంటే డబ్బులో చెప్పుకుంటే గుండె తట్టుకోదు. 20 లీటర్ల ట్యాంకు 14 చేపల వెల. నీటిని 24 నుంచి 28 డిగ్రీల మధ్య నిలకడగా ఉంచే హీటరు 9 చేపలు. హీటరు అబద్ధమాడుతోందేమో కనిపెట్టే థర్మామీటరు 2 చేపలు. ఫిల్టరు 8. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను విరిచే మందు 2. నీటిని పరీక్షించే రంగుల సీసాల పెట్టె 11. వెరసి 46 చేపలు. ఇంత సరంజామా అమ్ముకునే మనిషి అసలు చేపను ఊరికే ఇచ్చినా నష్టపోడన్న సంగతి నాకు బిల్లు చెల్లించిన తరువాత తట్టింది. ఎక్కడో ఒకచోట పౌరుషం చూపాలి గనుక, చివరన ఆయన చూపిన 3 చేపల మూతను మాత్రం నిష్కర్షగా తిరస్కరించాను. నీళ్ళకు మూతెందుకు, ఆవిరి పోతే మళ్ళీ పోసుకోలేమా?

ఇంత కొన్నా చేప మాత్రం ఇంటికి రాలేదు. చేప విసర్జించే మలినం అమ్మోనియా అవుతుందట. దాన్ని ఒక రకం సూక్ష్మజీవులు నైట్రైటుగానూ, మరొక రకం ఆ నైట్రైటును నైట్రేటుగానూ మారుస్తాయట. మొదటి రెండూ చేపకు విషాలు. మూడోది కొద్దిగా ఉంటే ఓర్చుకుంటుంది, మోతాదు పెరగకుండా వారం వారం కొంత నీరు మారిస్తే సరిపోతుంది. ఆ సూక్ష్మజీవులు ఫిల్టరులో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందట, అప్పటిదాకా వాటికి మేత కావాలట. అంటే, ఒక చేప వెల పోసి అమ్మోనియా కొని, కంటికి కనబడని జీవాలకు చుక్కలు లెక్కపెట్టి వడ్డిస్తూ, ఖాళీ ట్యాంకుకు కరెంటు కాలుస్తూ నెల పైన గడిపాను. ఇంటికి వచ్చినవాళ్ళు “చేప ఏదీ?” అని అడిగినప్పుడల్లా నా ముఖంలో నీరు చుక్క ఉండేది కాదు.

అమ్మాయి ఓదార్చింది. “మూడేళ్ళు బతుకుతుందనుకుంటే, చేపతో కలిపి మొత్తం 48 చేపలను రోజులకు పంచు నాన్నా” అంది. పంచాను. రోజుకు చేపలో సుమారు 23వ వంతు వచ్చింది. అది తోకకు కూడా చాలదు. ఆ లెక్క నాకు చాలా నచ్చింది.

చేప వచ్చిన రోజున ఫిల్టరు ధాటికి ఆ పొడవాటి రెక్కలు గాలికి దండెం మీద చీరలా రెపరెపలాడగా, అది పాపం ఈ గోడ నుంచి ఆ గోడకు కొట్టుకుపోయింది. 8 చేపల ఫిల్టరు మూతికి పాత స్పంజి ముక్క కట్టి దాని పొగరు అణిచాము.

నాలుగో రోజు ఉదయం లేచి చూస్తే ట్యాంకులో చేప లేదు. ఆకుల వెనుక వెతికాను, ఫిల్టరు విప్పాను, హీటరు చాటున చూశాను. చివరికి ట్యాంకు పక్కన నేను రాత్రి తెరిచి పెట్టిన పద్దు పుస్తకం మీద, సరిగ్గా ‘చేప’ అన్న పేజీలో, రెండు గీతలకు అడ్డంగా అది పడుకుని ఉంది. సిరా నీలంగా కరిగి దాని పొట్ట చుట్టూ పాకింది. దానితో పాటు చిందిన నీటికి కాగితం ఇంకా తడిగానే ఉంది. మొప్పల మీది రేకు ఒకసారి మెల్లగా లేచి వాలింది. చేతులు తడుపుకుని, ఊపిరి బిగబట్టి, దోసిట్లోకి తీసుకుని నీటిలో వదిలాను. అది కాసేపు పక్కకు ఒరిగి, తరువాత పైకి వచ్చి ఒక గుటక గాలి మింగి, నిలదొక్కుకుని, నా వైపు తిరిగి మొప్పలు విప్పి, గొంతు కింది నల్లటి పొరను గడ్డంలా సాచి పోట్లాటకు నిలబడింది. బెట్టాలు ఎగిరి దూకుతాయని, మూత అందుకేనని అమ్మాయి అప్పుడు చెప్పింది.

నేను వంటింట్లోకి పరుగెత్తి పిండి జల్లెడ తెచ్చి ట్యాంకు మీద బోర్లించాను. ట్యాంకు పలకగా, జల్లెడ గుండ్రంగా ఉండడంతో నాలుగు మూలలూ అట్టముక్కలతో పూడ్చాను.

“ఏమండీ, జల్లెడ కనబడడం లేదు.”

“చేప నెత్తిన ఉంది.”

ఆవిడ వచ్చి చూసింది, ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. సాయంత్రానికి 3 చేపల మూత వచ్చింది. జల్లెడను కడిగి సగౌరవంగా తిరిగి ఇస్తే, చేపనీళ్ళు తాగిన జల్లెడ తన వంటింట్లో అడుగు పెట్టడానికి వీల్లేదని, కొత్తది కొనాలని ఆవిడ తేల్చింది. కొన్నాము. అది వంట సామాను గనుక వంటింటి ఖాతాలో రాయాలని నేను, చేప మూలంగా వచ్చింది గనుక చేప ఖాతాలో రాయాలని ఆవిడ పట్టుబట్టాము. చేప ఖాతాకు రెండు గీతలు గీశాను గదా అని పుస్తకం తెరిచి చూపించబోతే, ఆ గీతలు తడికి అలుక్కుపోయి, వాటి కింద పేజీ అంతా ఖాళీగా కనిపించింది. ఆవిడ నా చేతికి కలం అందించింది.