చీకటి పడేలోపు ఇంటికి

నవంబరు నెలాఖరు. సాయంత్రం ఆరు కావస్తోంది. మా అత్తగారు గుమ్మంలో నిలబడి వీధి చివరి దాకా చూస్తున్నారు. "ఏటమ్మా, పిల్ల ఇంకా రాలేదు? సీకటి పడిపోనాది" అని అప్పటికి మూడోసారి అడిగారు. వంటింట్లోంచి గడియారం చూశాను. అయిదూ యాభై. మా అమ్మాయి ఇంటికొచ్చే టైము ఆరుంబావు. విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీలో చేరిన జులై నుంచీ అదే టైము. మద్దిలపాలెంలో బస్సెక్కి, ఎన్.ఏ.డి., షీలానగర్ దాటుకుని గాజువాకలో దిగి, ఇంటిదాకా నడిచి వస్తుంది. జులైలో అత్తగారు ఒక్కరోజు కూడా గుమ్మంలో నిలబడలేదు. అప్పుడు ఆరుంబావుకి మా వీధిలో పిల్లలు ఇంకా క్రికెట్ ఆడుకుంటూ ఉండేవారు.

పిల్ల టైముకే వస్తోంది. పొద్దే ముందు గుంకిపోతోంది.

విశాఖలో జూన్ చివర్లో సూర్యుడు అస్తమించేది ఆరున్నర దాటాక. నవంబరు చివరికి అది అయిదూ ఇరవై దగ్గరికి వచ్చేస్తుంది. ఇంచుమించు గంటంబావు తేడా. పైగా మనది రాష్ట్రంలో తూర్పు వైపు. గడియారం అందరికీ ఒకటే అయినా అనంతపురం కంటే ఇక్కడ సుమారు ఇరవై నిమిషాల ముందే పొద్దుపోతుంది. "ఆడపిల్ల చీకటి పడేలోపు ఇంటికి చేరాలి" అనే మాట రెండు ఊళ్ళలోనూ ఒకేలా వినిపిస్తుంది. ఆ మాట ప్రకారం నడుచుకునే అమ్మాయికి మాత్రం అనంతపురంలో ఉన్నంత సాయంత్రం విశాఖలో ఉండదు. విశాఖలోనే జులైలో ఉన్నంత సాయంత్రం డిసెంబరులో ఉండదు.

మా ఇంట్లో ఈ రూలు ఎవరూ నోటితో చెప్పలేదు. అయినా ఉంది. అమ్మాయికి చివరి క్లాసు నాలుగున్నరకి అయిపోతుంది. బస్సులో కూర్చున్నా నిలబడ్డా ఇంటికి రావడానికి గంటంబావు. వేసవిలో ఒక గంట లైబ్రరీలో ఉన్నా వెలుతురుండగానే ఇల్లు చేరవచ్చు. అదే రూలు నవంబరులో పాటించాలంటే క్లాసులోంచి లేచి నేరుగా బస్టాపుకి పరుగెత్తాలి. పోయేది ఒక్క గంటే కదా అనిపిస్తుంది. కానీ నా ఉద్దేశంలో యూనివర్సిటీ అంటే ఆ గంటే. పాఠం ఎక్కడైనా దొరుకుతుంది, ఫోన్‌లో కూడా దొరుకుతుంది. పాఠం అయ్యాక మాస్టారి గదికి వెళ్ళి అడిగే డౌటు, ల్యాబ్‌లో సగంలో ఆగిన పని, వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో ఒక పుస్తకం కోసం వెళ్తే పక్కనే కనబడే ఇంకో పుస్తకం, క్యాంటీన్లో సీనియర్లు చెప్పే సంగతులు, ఇవన్నీ నాలుగున్నర తర్వాతే. చదువు ఊపందుకునేది కూడా అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు. పగలు చిన్నవయ్యేదీ ఆ నెలల్లోనే.

2021-22 ఉన్నత విద్య సర్వేలో దేశం మొత్తం మీద అమ్మాయిల స్థూల నమోదు నిష్పత్తి, అంటే కాలేజీ వయసు జనాభాతో పోలిస్తే నూటికి ఎంతమంది చేరారనే లెక్క, 28.5, అబ్బాయిలది 28.3. చదువుకోసం ఆడవాళ్ళు ఎంత పోరాడారో తెలిసినవాళ్ళకి ఆ అంకె చూస్తే కళ్ళు చెమర్చుతాయి. కానీ అది గేటు లోపలికి వెళ్ళినవాళ్ళ లెక్క. సాయంత్రం ఎవరెంతసేపు లోపల ఉండగలిగారో అందులో కనిపించదు.

ఆ రోజు గుమ్మంలో అత్తగారిని చూస్తూ ఉంటే నాకొక విషయం తట్టింది. అది తట్టిన దగ్గర్నుంచి మనసు కుదురుగా లేదు. ఇంటర్ రెండేళ్ళూ మా అమ్మాయి ఇంటికొచ్చింది రాత్రి ఎనిమిదింటికి. పొద్దున్న ఏడింటికల్లా కాలేజీ, సాయంత్రం స్టడీ అవర్స్, ఆదివారం టెస్టు. కాలేజీ బస్సు వీధి చివర దించేది. అక్కణ్ణుంచి ఇంటిదాకా అదే చీకటి, అదే సందు, వెలగని అవే దీపాలు. ఆ రెండేళ్ళలో ఒక్కరోజు కూడా మాకెవరికీ టెన్షన్ లేదు. పిల్ల కష్టపడుతోందని గర్వంగా కూడా ఉండేది. పదహారేళ్ళ పిల్లకి రాత్రి ఎనిమిది ఫర్వాలేదట. పద్దెనిమిది నిండిన పిల్లకి ఆరుంబావు ఆలస్యమట.

ఇందులో చీకటికి సంబంధం ఏముంది? ఇంటర్‌లో ఆ టైము కాలేజీది. నిమిషం నిమిషం ఎక్కడుందో మాకు తెలుసు. ఇప్పటి టైము తనది. మనం భయపడుతున్నది దానికే అని ఒప్పుకోవడం తల్లిగా నాకు కష్టంగానే ఉంది. నేను హైస్కూల్లో పాఠాలు చెబుతాను. ఏటా ఎందరో తల్లిదండ్రులు నా ముందు కూర్చుంటారు. ఆడపిల్ల గురించి మాట్లాడేటప్పుడు "కాలం బాలేదు మేడమ్" అనేమాట రాకుండా ఉండదు. నేనూ తలూపుతాను. ఇకనుంచి తలూపే ముందు కొంచెం ఆలోచించాలి.

చీకటంటే మా ఇంటికి కొత్తేమీ కాదు. మావారు స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. సి షిఫ్టు ఉన్న వారం రాత్రి తొమ్మిదింటికి క్యారేజీ పట్టుకుని బయల్దేరతారు, తెల్లారాక వస్తారు. ఈ వైపు ఇళ్ళలో సగం మంది జీవితం ఇంతే. ఆసుపత్రి నర్సులు నైట్ డ్యూటీలకి వెళ్తారు. హార్బర్ దగ్గర చేపలు కొనే ఆడవాళ్ళు తెల్లారకముందే అక్కడుంటారు. విశాఖ రాత్రి పడుకునే ఊరు కాదు. పని కోసం బయటున్న ఆడమనిషిని మనం ఏమీ అనం. చదువు కోసం, అందులోనూ పరీక్షతో ముడిపడని చదువు కోసం బయటుంటేనే ప్రశ్న వస్తుంది.

2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు. అప్పటికి అమ్మాయికి ఏడేళ్ళు. గాలి తగ్గాక బయటికి వస్తే చెట్లన్నీ పడిపోయి, స్తంభాలు వంగిపోయి, ఊరు గుర్తుపట్టలేకుండా ఉంది. ఆ తర్వాత రోజుల తరబడి మాకు కరెంటు లేదు. తను పుట్టాక ఊరు అంత చీకటిగా ఉన్నది ఆ రోజుల్లోనే. అయితే అమ్మాయి రాత్రిపూట వీధిలో ఎక్కువసేపు గడిపిందీ ఆ రోజుల్లోనే. లోపల ఉక్క, ఫ్యాను లేదు, టీవీ లేదు. వీధిలోని వాళ్ళంతా అరుగుల మీదికి, రోడ్డు మీదికి వచ్చేశారు. కొవ్వొత్తులు, పాత లాంతర్లు, ఎవరింట్లో వండింది వాళ్ళు పక్కింటికి ఇవ్వడం. పిల్లలు పదింటి దాకా దాగుడుమూతలు ఆడారు. ఎవరూ "చీకటి పడింది, లోపలికి రా" అనలేదు. ఎటు చూసినా మనుషులున్నారు మరి. కరెంటు వచ్చిన మర్నాటి నుంచి అందరం మళ్ళీ తలుపులు వేసుకున్నాం.

అమ్మాయి తీసుకున్నది జియాలజీ, అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సు. చుట్టాలందరూ కంప్యూటర్స్ తీసుకోవాల్సింది అన్నారు. ఇప్పటికీ అంటున్నారు. కానీ ఈ ఆరు నెలల్లో ఇంటికి వచ్చిన కబుర్లు, ఇంటర్ రెండేళ్ళలో వచ్చిన మార్కుల మెసేజీల కంటే నాకు ఎంతో విలువైనవి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది 1926లో, బెజవాడలో. 1930లో వాల్తేరుకి వచ్చింది. 2026తో దానికి నూరేళ్ళు. జియాలజీ విభాగం 1941 నాటిది. సి.వి. రామన్ దగ్గర పనిచేసిన కాలమూరు మహదేవన్ గారు తర్వాత దాన్ని నడిపించారు. 1950ల మొదట్లో అమెరికా నుంచి వచ్చిన యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఇక్కడివాళ్ళతో కలిసి మన సముద్రాన్ని కొలిచాడు. ఈ తూర్పు తీరానికి ఆవల సముద్రం అడుగున ఉన్న లోతైన లోయల్లో ఒకదానికి ఆంధ్ర అని, ఇంకొకదానికి మహదేవన్ అని పేర్లున్నాయి. ఇది నాకు మా అమ్మాయి చెప్పేదాకా తెలియదు. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఉంటూ, ఎన్ని ఆదివారాలు ఆర్.కె. బీచ్‌లో కూర్చున్నానో.

ఇంకో మాట కూడా చెప్పింది. మన తీరం వెంట సముద్రపు ప్రవాహం ఏడాదంతా ఒకవైపే ఉండదట. ఫిబ్రవరి నుంచి మే దాకా నీళ్ళు ఉత్తరానికి, ఒడిశా వైపు వెళ్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వెనక్కి తిరిగి దక్షిణానికి వస్తాయి. ఎండలు ముదిరే రోజుల్లో ఒడ్డు దగ్గరి పైనీళ్ళని గాలి లోపలికి నెట్టేస్తే, అడుగునున్న చల్లటి నీళ్ళు పైకి వస్తాయి. వాటితో పాటు చేపలకు కావలసిన మేతా పెరుగుతుంది. "సముద్రానికి కూడా కాలాలు మారతాయమ్మా" అంది కంచం ముందు కూర్చుని, అన్నం కలపడం మానేసి. ఇంటర్‌లో ఈ పిల్లే అన్నం తింటూ ఫార్ములాలు చదివేది. ఆ రెండేళ్ళూ మా ఇంట్లో దసరా అంటే టెస్టుకి ముందు వారం, సంక్రాంతి అంటే రివిజన్. ముంజెలు ఎప్పుడొచ్చాయో, తేగలు ఎప్పుడు పోయాయో చూసుకోలేదు. ఈ శీతాకాలం బస్సు దిగాక చేతిలో తేగల కట్టతో వచ్చిన రోజులు చాలా ఉన్నాయి.

ఒకసారి భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్ళారు. గడప దగ్గర చెప్పులు విడిస్తే ఎర్రటి మట్టి పెళ్ళలు రాలాయి. అత్తగారు చీపురు తెచ్చారు. "మామ్మా ఆగు, అది వేల ఏళ్ళ నాటి మట్టి" అని ఆ పిల్ల కంగారుగా ఒక పెళ్ళ తీసి కాగితంలో చుట్టుకుంది. "ఏలేళ్ళదైతే ఏటి, సెప్పులు బయటిడవాల" అన్నారు ఆవిడ. కాగితం పొట్లం మాత్రం తనే తీసి దేవుడి అలమర పక్కన జాగ్రత్తగా పెట్టారు. ఆ రోజు అమ్మాయి ఇల్లు చేరింది ఏడుంబావుకి. చీకటి పడేలోపు రావాలని పట్టుబట్టి ఉంటే ఆ మట్టి మా గడప దాకా వచ్చేది కాదు.

నేను చేసిన తప్పు కూడా రాయాలి. సెప్టెంబరులో తన ఫోన్‌లో లొకేషన్ నా ఫోన్‌కి కనపడేలా పెట్టుకున్నాను, తనకి చెప్పకుండా. క్లాసులో ఉన్న పిల్లలకి పాఠం రాయమని చెప్పి నేను ఆ నీలం చుక్క ఎక్కడుందో చూసేదాన్ని. ఒకరోజు చుక్క బీచ్ రోడ్డులో కనబడితే ఫోన్ చేసి, "ఎక్కడున్నావ్?" అని ఏమీ తెలియనట్టు అడిగాను. "బీచ్‌లో, ఫ్రెండ్స్‌తో" అని నిజమే చెప్పింది. అబద్ధమాడింది నేను. నాలుగు రోజుల తర్వాత తనే కనిపెట్టింది. అరవలేదు. "అడిగితే నేనే పెట్టేదాన్ని కదమ్మా" అని మాత్రం అంది. అది తీసేశాం. ఇప్పుడు బస్సెక్కగానే తనే ఒక మెసేజ్ పెడుతుంది. ఆ మెసేజ్ చూస్తే కలిగినంత ధైర్యం నాకు ఆ చుక్కను చూస్తే ఎప్పుడూ కలగలేదు.

భయం అంతా మన ఊహే అని నేను అనను. బస్టాపు నుంచి మా ఇంటికి ఎనిమిది స్తంభాలు. నవంబరులో వాటిలో మూడు వెలగడం లేదు. ఒక మలుపు దగ్గర రాత్రిళ్ళు మగపిల్లలు బళ్ళు ఆపుకుని ఉంటారు. ఇవి నిజమైన ఇబ్బందులే. కానీ వీటికి మందు దీపం, బస్సు, మనుషులు. పిల్లని త్వరగా లోపలికి పిలిచేస్తే స్తంభం వెలగదు. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ బస్సులతో సహా కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ డబ్బులు లేవు. సిటీ బస్సు కోసం మా అమ్మాయి ఇప్పుడు డబ్బులు అడగడం లేదు. ఇది చిన్న విషయం కాదు. టికెట్ డబ్బులు లేకుండా వెళ్ళగలిగిన అమ్మాయి, ఎక్కడికి వెళ్ళిందో రూపాయి రూపాయికీ లెక్క చెప్పక్కర్లేదు. ఆ బస్సులు రాత్రి ఏడు, ఎనిమిది గంటలప్పుడు కూడా అంతే తరచుగా తిరిగితే ఆడపిల్లల చదువుకి అంతకంటే మేలు ఉండదు.

హాస్టళ్ళ సంగతీ ఇంతే. దూరప్రాంతాల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండే అమ్మాయిలకి గేటు ఒక టైముకి, అబ్బాయిలకి ఇంకో టైముకి మూసే పద్ధతి దేశంలో చాలాచోట్ల ఉంది. భద్రత పేరు చెప్పి అమ్మాయిలకి వేరే నిబంధనలు పెట్టకూడదని యూజీసీ లైంగిక వేధింపుల నివారణ నిబంధనల్లోనే స్పష్టంగా రాశారు. కాగితం మీద ఉన్న ఆ మాటని తల్లిదండ్రులం కూడా గట్టిగా అడగాలి. మన భయాన్ని హాస్టళ్ళవాళ్ళకి సాకుగా ఇస్తున్నది మనమే.

అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చినప్పుడు అమ్మాయి ఇంట్లోనే ఉంది. గాలి, వాన, కరెంటు వస్తూ పోతూ. ఆ సాయంత్రం అందరం ఒక గదిలో కూర్చున్నాం. మా భయం అంతా గాలి గురించే, తన గురించి కాదు. తను మాత్రం కిటికీ దగ్గర కూర్చుని వాన ఎటు నుంచి కొడుతోందో చూస్తూ ఉంది.

డిసెంబరులో మా వీధివాళ్ళం పదిమందిమి సంతకాలు పెట్టి దీపాల గురించి అర్జీ ఇచ్చాం. రెండు వెలిగాయి. మలుపు దగ్గరిది ఇంకా వెలగలేదు, మళ్ళీ వెళ్ళాలి. సంక్రాంతి తర్వాత అమ్మాయి మంగళవారం, శుక్రవారం ఆరింటి దాకా లైబ్రరీలో ఉంటోంది. ఇంటికి వచ్చేసరికి ఏడున్నర. ఆ రెండు రోజులూ అత్తగారు చిక్కుడుకాయల చేట పట్టుకుని అరుగు మీద కూర్చుంటున్నారు. ఎదురింటి మామ్మగారు వచ్చి పక్కన చేరతారు. పక్కింటి కోడలు పిల్లాణ్ణి ఎత్తుకుని వస్తుంది. పిల్ల కోసమా అని అడిగితే, "నాను గాలికి కూకున్నాను" అంటారు ఆవిడ, జనవరి చలిలో శాలువా కప్పుకుని.