ప్లాస్టిక్ బాతుకు ప్రాణం పోసిన మా తోడల్లుడు

అమెరికాలో బాతుల వేటంటే తుపాకీ పేలేది ఆఖర్న అరనిమిషం. మిగతాదంతా బొమ్మల కొలువే. తెల్లారకముందే లేచి, గుండెల దాకా వచ్చే రబ్బరు ప్యాంట్లు తొడుక్కుని, నీళ్ళలో దిగి, డజన్ల కొద్దీ ప్లాస్టిక్ బాతుల్ని తేలేసి, నడిమధ్యన అసలు బాతులు దిగడానికి కాస్త జాగా వదిలి, పోయి మాటులో కూర్చోవాలి. పైన పోతున్న బాతులు "ఓహో, మనవాళ్ళు కింద హాయిగా మేస్తున్నారు" అనుకుని దిగాలి. అనుకోవాలి కదా! చిక్కంతా అక్కడే.

మా పెద్ద తోడల్లుడు ఆర్కాన్సా రాష్ట్రంలో, లిటిల్ రాక్‌లో ఉంటాడు. అమెరికా పండించే వరిలో దాదాపు సగం ఆ ఒక్క రాష్ట్రానిదే. ఆయన ఇంటి నుంచి కారులో గంట పోతే స్టట్‌గార్ట్ అనే చిన్న ఊరు. చిన్నదైనా "ప్రపంచ వరి, బాతుల రాజధాని" అని తన బిరుదు తనే తగిలించుకుంది. బాతులా అరిచే ప్రపంచ పోటీలు 1936 నుంచీ అక్కడే జరుగుతున్నాయి. మొదటి ఏడు గెలిచినాయనకిచ్చిన బహుమతి 6.60 డాలర్ల వేట కోటు. కోతలయ్యాక అక్కడి రైతులు చేలల్లో నీళ్ళు నిలబెడతారు. చలికాలం ఉత్తరాది నుంచి వచ్చే మల్లార్డ్ బాతులు రాలిన గింజల కోసం ఆ నీళ్ళలో దిగుతాయి.

ఈ సంగతి చెవిన పడ్డప్పట్నుంచీ మా అన్నయ్యకి (తోడల్లుణ్ణి అలాగే పిలవాలి మరి) కాలు నిలవలేదు. ఆయనది ఆకివీడు. "కొల్లేరు పక్కన పుట్టినవాణ్ణయ్యా. కోతలవ్వగానే మా చేలల్లోకి బాతుల మందలు తోలుకొచ్చేవాళ్ళు. బాతు మనసులో ఏముందో నాకు తెలీదా?" అంటాడు. పక్కింటి పెద్దాయన ఊహ తెలిసినప్పట్నుంచీ బాతుల వేటలో ఉన్నవాడు. ఆయన్ని పట్టుకుని ఓ రోజు మమ్మల్నిద్దర్నీ బయల్దేరదీశాడు. మా వదిన మాత్రం గుమ్మంలో నిలబడి ఒకటే షరతు పెట్టింది: తుపాకీ ముట్టుకోకూడదు. "అలాగేలే, బొమ్మల శాఖ నాది" అన్నాడు అన్నయ్య. ఆ శాఖ ఆయనకి దక్కకుండా ఉండాల్సింది.

ఆ పొద్దున ఆకు కూడా కదల్లేదు. గాలి లేకపోతే బొమ్మలూ కదలవు. ప్లాస్టిక్ లేని రోజుల్లోనే మనిషి బొమ్మ బాతులతో వేటాడాడు. నెవాడా రాష్ట్రంలోని లవ్‌లాక్ గుహలో 1924లో దొరికిన, తుంగతో చేసిన బొమ్మ బాతులు రెండు వేల ఏళ్ళ నాటివి. ఆ వేటగాళ్ళు కూడా గాలి కోసం ఎదురుచూసే ఉంటారు. మా బొమ్మలు నీటి మీద ఎక్కడ వేసినవి అక్కడే కొయ్యబారి ఉన్నాయి. వాటి వీపుల మీద మంచు పేరుకుని తెల్లగా మెరుస్తుంటే పెద్దాయన చేతి తొడుగుతో ఒక్కొక్కటే తుడుచుకుంటూ వచ్చాడు. నిజం బాతు ఒంటి మీద మంచు నిలవదుగా. ఇంతలో మల్లార్డ్‌ల గుంపొకటి వచ్చింది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో బాగా కిందికొచ్చి, కాళ్ళు చాచబోయి, ఏదో గుర్తొచ్చినట్టు గిరుక్కున పైకి లేచి పోయింది.

"నీళ్ళ మీద కదలని బాతులు రెండే రకాలు" అన్నాడు పెద్దాయన. "చచ్చినవీ, ప్లాస్టిక్‌వీ."

అని సంచిలోంచి తాడొకటి తీశాడు. దాన్ని జెర్క్ కార్డ్ అంటారు. ఒక కొసన నీటి అడుగున దిగేసిన బరువు, దాన్నంటి మూరెడు సాగే ఎలాస్టిక్, ఆ తర్వాత తాడు పొడుగునా క్లిప్పులతో తగిలించిన నాలుగైదు బాతులు, రెండో కొస మాటులో మన చేతిలో. లాగితే బాతులు ముందుకి ఈదుతాయి, వదిలితే ఎలాస్టిక్ వెనక్కి గుంజుతుంది. తమాషా ఆ నాలుగింటిలో లేదు. అవి రేపిన అల పోయి పక్క బాతుకు తగులుతుంది, దాని తల ఊగుతుంది, అక్కణ్ణుంచి ఇంకోదానికి. చేతిలో ఒక్క గుంజు, మొత్తం మంద మేస్తున్నట్టే ఉంటుంది. అక్కడి అడవుల్లో నీళ్ళు నిలిచిన చోట ఈ తాడు కూడా ఉండదట. చెట్టుకి ఆనుకుని నిలబడి బూటుకాలితో నీళ్ళు తన్నుతారట, అంతే. ఆ రోజు బాతులు దిగాయి. పెద్దాయన తనకు పర్మిట్ ఉన్నంతవరకే కొట్టి ఆపేశాడు.

అన్నయ్యకి మాత్రం తాడు నచ్చలేదు. తిరుగు ప్రయాణమంతా అదే గోల. "ఈ రోజుల్లో చేత్తో లాగడమేంటయ్యా?" పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు: మోటారుతో రెక్కలు తిరిగే బొమ్మలు బజార్లో ఉన్నాయి, రెక్క ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు, తిరిగితే దూరానికి దిగుతున్న బాతే అనిపిస్తుంది, కానీ సీజన్ ముదిరేసరికి బాతులు వాటిని చూసి చూసి పక్కకి తప్పుకుంటాయి, కొన్ని రాష్ట్రాల్లో వాటిని వాడనివ్వరు కూడా. ఒకప్పుడైతే బతికున్న బాతుల్నే కాలికి కట్టి ఎరగా వదిలేవారు, 1935లో సర్కారు దాన్ని మాన్పించింది. అన్నయ్య ఇవేవీ వినలేదు. ఆయన చెవిలో "మోటారు" ఒక్కటే పడింది.

వారం తిరక్కుండానే గ్యారేజీలో పాత కారు వైపర్ మోటారు వెలిసింది. దానికి మా అమ్మాయి బొమ్మకారు బ్యాటరీ. (మా అమ్మాయి ఇప్పటికీ వాళ్ళింటికి వెళ్తే ముందు పెదనాన్న చేతులకేసి చూస్తుంది.) వైపర్ అటూ ఇటూ ఊగుతుంది కదా, దాని చేతికి తాడు కడితే లాగుడూ వదులుడూ అదే చూసుకుంటుందని ఆయన లెక్క. లెక్క తప్పేమీ కాదు. పైగా ఓ కొత్త బొమ్మ కూడా కొన్నాడు. బాతులు లోతు తక్కువ నీళ్ళలో తల ముంచి, తోక పైకెత్తి అడుగున మేస్తాయే, ఆ వాటం బొమ్మ. తల లేదు, ఉత్త వెనకభాగమే. ముప్పై డాలర్లు పోసి సగం బాతుని కొన్నారని వదిన ఇప్పటికీ అంటుంది.

ట్రయలు వాళ్ళ కాలనీ చెరువులో. ఆదివారం సాయంత్రం. ఒడ్డున పొదల్లో చెక్క మీద మోటారు బిగించి, వేట డ్రెస్సు వేసుకుని, మొహానికి ఆకుపచ్చ రంగు కూడా పూసుకుని కూర్చున్నాడు. "బాతులు మొహం గుర్తుపడతాయయ్యా." వైపర్ మోటారుకి రెండు స్పీడులు. మొదట చినుకుల స్పీడు పెట్టాడు. అబ్బో, చెప్పుకోవాలి, బ్రహ్మాండంగా ఈదాయి. చెరువులో కాపురముంటున్న మల్లార్డ్ మగబాతొకటి వచ్చి, మా ఆడబొమ్మ ముందు తల ఎత్తుతూ దించుతూ సరసం మొదలెట్టింది. అన్నయ్య నా మోచెయ్యి గట్టిగా నొక్కి "చూశావా తమ్ముడూ, చూశావా!" అన్నాడు.

అక్కడితో ఆపితే బాగుండేది. వాన స్పీడు కూడా చూద్దామన్నాడు.

సగం బాతు పూనకం వచ్చి కొట్టుకోవడం మొదలెట్టింది. తల నీళ్ళలో, తోక పైన, టపటపా టపటపా. సరసానికొచ్చిన మగబాతు హడలిపోయి ఎగిరిపోయింది. అవతలి గట్టున వాకింగ్‌కొచ్చిన పెద్దావిడ ఒక్క కేక వేసింది, బాతు మునిగిపోతోందని. రొట్టె ముక్కలు వేస్తున్న పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఎవరో కుర్రాడు చెప్పులు విప్పి, నడుము లోతు దాకా దిగి, సగం బాతుని రెండు చేతులా పట్టుకున్నాడు. పట్టుకుని లాగాడు. అది రాలేదు, ఎలాస్టిక్ సాగింది. ఇంకా లాగాడు. ఈ కొసన మోటారు తన పని తను చేసుకుపోతోంది. కుర్రాడు మొహం చూసి తీరాల్సిందే. ప్రాణం కాపాడబోతే అది ఎదురు గుంజుతోంది. చెయ్యి జారింది. అంతే, బాతు ఇటు దూసుకొచ్చింది, తాడుమీదున్న నలుగురూ దాని వెంటపడి ఒకరి మీదొకరు ఎక్కారు, చెక్క ఊడి మోటారూ బ్యాటరీ బుడుంగుమన్నాయి.

"బాతుల్ని ఎవరో తాడుకి కట్టేశారు!" అని అరిచింది పెద్దావిడ. సరిగ్గా ఆ ముహూర్తానికే పొదలోంచి పచ్చమొహం వేసుకుని లేచి నిలబడ్డాడు మా అన్నయ్య.

అవి ప్లాస్టిక్‌వని నమ్మించడానికి పదినిమిషాలు పట్టింది. ఒకదాన్ని తెచ్చి తిరగేసి, కింద బరువు పట్టీ చూపించి, తట్టి మోగించాడు. ఆవిడ చేతులు కట్టుకుని అంతా విని, "సరే, ప్లాస్టిక్‌వే. అయినా అంత గట్టిగా లాగాలా?" అంది. నీళ్ళోడుతున్న కుర్రాడు మాత్రం, అంత వేగం నిజం బాతుకి ఉండదండీ, కొంచెం తగ్గించుకోండని సలహా ఇచ్చి వెళ్ళాడు. వదిన ఇంటిదగ్గర ఒక్క ముక్కే అంది: "భీమవరంలో ఉన్నప్పుడు మిక్సీ మోటారు చూడమంటే ఏడాది పాటు తీరిక లేదన్నారు."

చెరువు గట్టున "బాతులకు రొట్టె వేయరాదు" అని బోర్డొకటి ఎప్పట్నుంచో ఉంది. తర్వాతి వారానికి దాని కింద కొత్త వరస చేరింది: "బాతులను తాడుతో లాగరాదు." మా అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ బోర్డు పక్కన చెయ్యి వేసి నిలబడి ఫోటో తీయించుకుని ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. ఐదు నిమిషాల్లో ఆకివీడు నుంచి మామగారి జవాబు వచ్చింది: "శుభాకాంక్షలు అల్లుడుగారూ. చెరువు పక్కనే అంటే వాస్తు చూపించుకున్నారా? గజం ఎంత పడింది?"