టిప్పు సర్వర్‌ది, ఆదా యజమానిది

అమెరికాలో రెస్టారెంట్ బిల్లు మీద కస్టమర్ రాసే టిప్పు మొత్తం సర్వర్‌కు అదనపు ఆదాయమేనని చాలామంది అనుకుంటారు. చాలా రాష్ట్రాల్లో అందులో కొంత ముందుగా యజమాని జీతాల ఖర్చును తగ్గిస్తుంది. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 జూలై నుంచి అదే. టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని తన జేబులోంచి 2.13 ఇస్తే చాలు. ఈ అంకె 1991 నాటిది. 1996లో కనీస వేతనం పెంచినప్పుడు అమెరికా చట్టసభ కాంగ్రెస్ దీన్ని అక్కడే వదిలేసింది. మిగిలిన 5.12 డాలర్లను టిప్పుల్లోంచి పూడ్చుకునే ఈ వెసులుబాటునే టిప్ క్రెడిట్ అంటారు.

టిప్పుల పంపకం గొడవలు పైకి సర్వర్‌కీ వంటవాళ్లకీ మధ్య తగవులా కనిపిస్తాయి. అసలు ముందు అడగాల్సిన ప్రశ్న వేరు: యజమాని ఈ క్రెడిట్ వాడుకుంటున్నాడా? వాడుకుంటుంటే, అందరూ తప్పనిసరిగా వేయాల్సిన టిప్ పూల్‌లో, అంటే టిప్పులు ఒకచోట చేర్చి పంచే ఉమ్మడి సొమ్ములో, మామూలుగా టిప్పులు అందుకునేవాళ్లకే వాటా ఉండాలి. అంటే సర్వర్లు, బార్టెండర్లు, టేబుళ్లు సర్దే బస్సర్ల లాంటివాళ్లు. వంటవాళ్లకు, గిన్నెలు కడిగేవాళ్లకు అందులోంచి ఇవ్వకూడదు. క్రెడిట్ వదులుకుని అందరికీ పూర్తి కనీస వేతనం చేతికిస్తే, 2018 మార్చి సవరణ ప్రకారం వంటగదిని కూడా కలుపుకోవచ్చు. ఏ పద్ధతిలోనైనా మేనేజర్లకు, సూపర్‌వైజర్లకు, యజమానికి పూల్‌లో వాటా లేదు. మేనేజర్ తానొక్కడే వడ్డించిన టేబుల్ మీద వచ్చిన టిప్పు మాత్రం ఉంచుకోవచ్చు.

ఎక్కువ నష్టం జరిగేది లెక్క దగ్గర. చాలాచోట్ల సర్వర్ ఇవ్వాల్సిన వాటాను టిప్పుల మీద కాక అమ్మకాల మీద శాతంగా కడతారు. 40 గంటలు పనిచేసిన సర్వర్‌కు ఒక మందకొడి వారంలో అమ్మకాలు 1,600 డాలర్లు, టిప్పులు 240 అనుకుందాం. అమ్మకాల్లో 4 శాతం, అంటే 64 డాలర్లు పూల్‌కు పోతే చేతిలో మిగిలేది 176. గంటకు 2.13 చొప్పున జీతం 85.20. రెండూ కలిపితే 261.20. కనీస వేతనం ప్రకారం రావాల్సింది 290. తక్కువపడ్డ 28.80 యజమాని పూడ్చాలి. టిప్పు పెట్టకుండా లేచిపోయిన టేబుల్ మీద కూడా సర్వర్ 4 శాతం కట్టాడన్నది ఈ లెక్కలో కనిపించదు. అందుకే అమ్మకాల మీద శాతం అన్యాయమనే నా అభిప్రాయం.

జీతం రెండు వారాలకోసారి ఇచ్చేచోట ఇంకో తప్పు దొర్లుతుంది. తర్వాతి వారం అమ్మకాలు 3,600, టిప్పులు 700 అయితే, 144 పూల్‌కు పోయాక జీతంతో కలిపి 641.20 వస్తుంది. రెండు వారాల సగటు గంటకు 11.28. పే స్టబ్ (జీతం చీటీ) చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ కనీస వేతనం ఏ వారానికి ఆ వారం అందాలి, కాబట్టి మొదటి వారం 28.80 బాకీ అలాగే ఉంటుంది. మసాచుసెట్స్ ఇంకో అడుగు ముందుకేసి ఏ షిఫ్ట్‌కు ఆ షిఫ్ట్ లెక్క చూడమంటుంది.

ఓవర్‌టైమ్‌కు 2.13నే ఒకటిన్నర రెట్లు చేసి 3.20 ఇవ్వడం తప్పు. 7.25ను ఒకటిన్నర రెట్లు చేసి, అందులోంచి 5.12 తీసేయాలి. అప్పుడు గంటకు 5.76 వస్తుంది. బిల్లు కట్టకుండా వెళ్లిపోయిన కస్టమర్ సొమ్ము, గల్లాపెట్టెలో తరుగు, యూనిఫాం ఖర్చు 2.13 మీద బతికే ఉద్యోగి జీతంలోంచి కోస్తే అది కనీస వేతనానికి గండి కొట్టడమే. ఇంకో షరతు కూడా ఉంది. క్రెడిట్ తీసుకుంటున్నామని ఉద్యోగికి ముందే చెప్పాలి, లేకపోతే ఆ క్రెడిట్ చెల్లదు.

పెద్ద బృందాల బిల్లులో తప్పనిసరిగా కలిపే 18 శాతం లాంటి మొత్తం టిప్పు కాదు, సర్వీస్ చార్జి. ఫెడరల్ చట్టం ప్రకారం అది రెస్టారెంట్ ఆదాయం, యజమాని మొత్తం ఉంచుకోవచ్చు. దాన్ని ఉద్యోగులకు పంచితే అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ జీతంగా లెక్కిస్తుంది. 2025లో వచ్చిన టిప్పుల పన్ను మినహాయింపు దీనికి వర్తించదు. ఆ మినహాయింపు 2028 వరకు ఏడాదికి 25,000 డాలర్ల దాకా ఇన్‌కమ్ ట్యాక్స్‌కే. పింఛను, వృద్ధుల వైద్యం కోసం పట్టే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు మామూలే. తక్కువ సంపాదించే సర్వర్ కట్టే ఇన్‌కమ్ ట్యాక్సే కొద్ది, ఇక మిగిలేదెంత?

కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒరెగాన్, నెవాడా, మోంటానా, మిన్నెసోటా, అలాస్కా రాష్ట్రాల్లో టిప్ క్రెడిట్టే లేదు. రాష్ట్ర కనీస వేతనం పూర్తిగా ఇచ్చాకే టిప్పుల మాట. వంటగదికి టిప్పుల్లో వాటా ఇవ్వాలనుకునే యజమాని ఏ రాష్ట్రంలో ఉన్నా ముందు ఈ మెట్టెక్కాలి. ఆ 5.12 తాను పెట్టుకోకుండా సర్వర్ వాటాలోంచి వంటవాడికి ఉదారత చూపించడం కుదరదు.

తేడా వచ్చినప్పుడు బాకీతోపాటు అంతే మొత్తాన్ని పరిహారంగా అడగొచ్చు. దావా వేయడానికి గడువు రెండేళ్లు, కావాలని చేసిన ఉల్లంఘనకు మూడేళ్లు. రోజువారీ గంటలు, టిప్పులు, పూల్‌కు ఇచ్చింది ఉద్యోగి దగ్గర విడిగా రాసి ఉంటే యజమాని రికార్డుతో పోల్చి చూడటం తేలిక.