ఇంటివారి కర్తవ్యం, కళాకారుడి ఆవేదన

తమ అంతరంగాన్ని అన్వేషిస్తామని బయలుదేరిన ఫోటోగ్రాఫర్లు చివరికి ఇంటివారి పడకగదుల్లోనే ఎందుకు తేలుతున్నారని కొందరు రసజ్ఞత లేనివారు అడుగుతున్నారు. అంతరంగం కెమెరాకు అందదు, అమ్మ అందుతుంది. ఇంతకంటే వివరణ అనవసరం.

1888లో కోడాక్ సంస్థ మీట నొక్కడం మీ వంతు, మిగతాది మా వంతు అంటూ కెమెరాను మామూలు మనుషుల చేతికిచ్చిన నాటి నుంచి కుటుంబాలు పుట్టినరోజులతోనూ, పెళ్లిళ్లతోనూ, బలవంతపు నవ్వులతోనూ ఆల్బమ్‌లు నింపుకుని కళకు తీరని ద్రోహం చేశాయి. అలిగిన అన్నయ్య గానీ, మాత్రలు మింగలేక మొహం చిట్లించిన తాతయ్య గానీ ఒక్క పేజీలోనూ కనిపించరు. ఈ లోటును పూడ్చే భారాన్ని మన కళాకారుడు తలకెత్తుకున్నాడు. తల్లి ఉల్లిపాయలు తరుగుతూ మోచేత్తో కళ్లు తుడుచుకోగానే పరుగున వచ్చి లైటు ఆర్పుతాడు, కిటికీ తెర సగం లాగుతాడు, “ఇటు చూడకుండా ఇంకోసారి తుడుచుకో అమ్మా” అంటాడు. ఆ ఏర్పాట్లన్నీ పూర్తయ్యేసరికి ఆవిడ కళ్లు ఆరిపోతాయి. అయినా కన్నతల్లి కనుక ఇంకో ఉల్లిపాయ తీసుకుంటుంది. ప్రదర్శనలో ఆ నలుపు తెలుపు చిత్రం కింద ‘వారసత్వ దుఃఖం’ అని రాసి ఉంటుంది. ఉల్లిపాయ ఫ్రేములోకి రాదు.

అమెరికాలో నికొలస్ నిక్సన్ అనే ఫోటోగ్రాఫర్ తన భార్యనూ, ఆమె ముగ్గురు చెల్లెళ్లనూ 1975 నుంచి దశాబ్దాల పాటు ఏటా అదే వరుసలో నిలబెట్టి ఫోటో తీశాడు. వారి ముఖాల మీద ముడతలు ఎప్పుడెప్పుడు పడ్డాయో లోకమంతా చూసింది. తన వంతు త్యాగంగా ఆయన కొన్ని చిత్రాల్లో తన నీడను పడనిచ్చాడు.

అందరి ఇళ్లలోనూ ఇంతటి సహకారం దొరకదు. మరో అమెరికన్ ఫోటోగ్రాఫర్ లారీ సుల్తాన్ ఏళ్ల తరబడి తన తల్లిదండ్రులను ఫోటోలు తీశాడు. సూటు వేసుకుని మంచం అంచున దిగాలుగా కూర్చున్న తండ్రి చిత్రం వాటిలో ప్రసిద్ధమైనది. ఆ పెద్దాయన మాత్రం కృతజ్ఞత లేకుండా, మంచం మీద దిగులుగా ఉన్నది తాను కాదనీ, అది కొడుకేననీ, సాయపడటానికి తనకు అభ్యంతరం లేదు గానీ ఆ సంగతి మాత్రం తేలిపోవాలనీ అన్నాడు. కొడుకు తండ్రి అభ్యంతరాలను సైతం 1992లో వచ్చిన తన పుస్తకంలో చేర్చాడు. నిజమైన కళాకారుడికి ఫిర్యాదు కూడా ముడిసరుకే.

కాబట్టి ఇంటివారు ఇకనైనా బాధ్యతగా నడుచుకోవాలి. అలిగేవారు కిటికీ పక్కనే అలగాలి, గొడవలు సాయంత్రపు ఎండ ఉండగానే మొదలుపెట్టాలి, కన్నీళ్లు వచ్చేలా ఉంటే కళాకారుడికి తగినంత ముందుగా కబురు పెట్టాలి. అయితే సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న కళాకారుడిని అమ్మ తన ఫోనులో తీసి చుట్టాల గ్రూపులో పెడితే అది వ్యక్తిగత గోప్యతకు భంగం కాబట్టి ఆ ఫోటోను తక్షణం తొలగించాలి.