క్వాంటమ్‌కీ గ్రావిటీకీ పొసగదట!

ఒంగోలు ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ చక్కర్లు కొడుతోంది. నాకే ముగ్గురు పంపారు. మూడోవాడు కింద 'నిజమేనా సార్?' అని అడిగాడు కాబట్టి ఈ జవాబు వాడికి. మెసేజ్‌లో ఉన్నది ఇది: సాధారణ సాపేక్షతనీ (అంటే ఐన్‌స్టీన్ గ్రావిటీ సిద్ధాంతాన్నీ) క్వాంటమ్‌నీ కలిపి ఒక్క లెక్కా చెయ్యలేరు, కలపబోతే అనంతాలొస్తాయి కాబట్టి అదంతా చెత్త, ప్రయోగానికి ఎటూ అందదు కాబట్టి అది ఫిజిక్స్ కాదు, వేదాంతం. చివర్లో 'ఈ క్వాంటమ్ గ్రావిటీ ఆప్షనల్ పేపర్ తీసుకోకండి' అని ఉచిత సలహా.

మొదటి మాట పచ్చి తప్పు. న్యూటన్ ఆకర్షణ సూత్రానికి క్వాంటమ్ సవరణ ఎలా కట్టాలో 1994లోనే జాన్ డోనహ్యూ అనే భౌతిక శాస్త్రవేత్త చూపించాడు. 2003లో సహచరులతో కలిసి లెక్క సరిచేశాక తేలిన గుణకం సుమారు 1.3. దాన్ని ప్లాంక్ పొడవు (క్వాంటమ్, గ్రావిటీ రెండూ ఒకేసారి లెక్కకొచ్చే అతి చిన్న దూరం, సుమారు 10⁻³⁵ మీటర్లు) వర్గంతో గుణించి, దూరం వర్గంతో భాగించండి. న్యూటన్ స్థితిశక్తిలో సవరణ ఎన్నో వంతో వస్తుంది. దూరం ప్రోటాన్ సైజంత, అంటే 10⁻¹⁵ మీటర్లు వేస్తే, దశాంశ బిందువు తర్వాత 39 సున్నాలు దాటితే గానీ అంకె పడదు. కొలవలేం, ఒప్పుకుంటా. కానీ లెక్క తెగింది కదా!

ఎలా తెగిందంటే, కొత్తపట్నం బీచికి పోయి చూడండి. ఒడ్డు దగ్గర లోతు ఒకటిన్నర మీటరుంటే అల సెకనుకు దాదాపు 3.8 మీటర్లు నడుస్తుంది. లోతూ గురుత్వ త్వరణమూ గుణించి వర్గమూలం తీస్తే చాలు, నీటి అణువు లోపల ఏముందో ఆ లెక్క అడగదు. గ్రావిటీలోనూ అంతే: అతి చిన్న దూరాల్లో ఏం జరుగుతుందో తెలియకపోయినా పెద్ద దూరాల లెక్క నడుస్తుంది. దీని పేరే ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీ.

అనంతాల మాట అబద్ధం కాదు. పదార్థం లేని ఉత్త గ్రావిటీలో కూడా రెండో లూప్‌లో (క్వాంటమ్ సవరణల లెక్కలో రెండో మెట్టు) అనంతం వస్తుందని గోరోఫ్, సాన్యోటి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1985లో తేల్చారు. అయితే అనంతం వచ్చిన ప్రతిదీ చెత్తబుట్టకే అయితే ఫెర్మీ బీటా క్షయ (కేంద్రకం నుంచి ఎలక్ట్రాన్ బయటికొచ్చే క్షయం) సిద్ధాంతం కూడా అక్కడికే పోవాలి. దానికీ ఇదే జబ్బు. అయినా తక్కువ శక్తుల దగ్గర దశాబ్దాలపాటు సరైన జవాబులిచ్చింది. ఏ శక్తి దగ్గర చెడుతుందో కూడా అదే చెప్పింది. ఆ శక్తికి చేరకముందే కొత్త కణం అడ్డొచ్చింది: 1983లో సెర్న్ ప్రయోగశాలలో దొరికిన డబ్ల్యూ బోసాన్.

ప్రయోగం సంగతికొస్తే, సగం నిజం. ప్లాంక్ శక్తికి (క్వాంటమ్ గ్రావిటీ నేరుగా బయటపడే స్థాయికి) చేరాలంటే సెర్న్‌లో కణాల్ని ఢీకొట్టించే యంత్రం ఎల్‌హెచ్‌సీ శక్తి దాదాపు తొమ్మిది కోట్ల కోట్ల రెట్లు పెరగాలి. అది మన మనవలకీ కుదరదు. కానీ 2009 మేలో ఫెర్మీ అంతరిక్ష టెలిస్కోపు ఒక గామా కిరణ విస్ఫోటాన్ని పట్టింది. ఏడు వందల కోట్ల ఏళ్ళకు పైగా ప్రయాణించిన ఒక 31 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల ఫోటాన్, విస్ఫోటం మొదలైన సెకను లోపే వచ్చేసింది. వేగంలో పిసరంత తేడా ఉన్నా అంత దూరంలో అది బాగా వెనకబడేది. అందుకే శక్తిని బట్టి కాంతి వేగం మారుతుందన్న కొన్ని క్వాంటమ్ గ్రావిటీ ఊహలకు ఆ ఒక్క ఫోటాన్‌తోనే గట్టి దెబ్బ తగిలింది. వేదాంతానికి ఇలాంటి దెబ్బలు తగలవు.

ఇదంతా చెప్పాక మా వాడు ఊరుకోలేదు. 'మరి బ్లాక్‌హోల్ నడిమధ్యలో ఏంది సార్?' అన్నాడు. అక్కడ మెసేజ్ గెలిచింది. స్థలకాల వక్రత ప్లాంక్ స్థాయికి పెరిగాక, సమీకరణంలో చిన్నవని మనం వదిలేసిన పదాలన్నీ (టర్మ్స్) ఒక్కసారిగా సమాన బలంతో మీద పడతాయి, డోనహ్యూ లెక్క పనికిరాదు. ఆప్షనల్ తీసుకునేది దానికోసమే అబ్బయ్యా.