మూతికి గొట్టం, మనసులో పులుసు

నెల్లూరు మనిషికి మంచిది ఏది కావాలన్నా చెన్నై పోవాలి. మోకాలి చిప్పకి చెన్నై, పెళ్లి పట్టుచీరకి చెన్నై, కంటి ఆపరేషన్‌కి చెన్నై. తరాలుగా వస్తున్న ఈ ఆచారాన్ని ప్రశ్నించేంత వాణ్ణి కాదు. మొన్న మే నెలలో మా కుటుంబం దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. సముద్రంలో దిగడానికి కూడా చెన్నై పోయాం. పాతిక కిలోమీటర్ల దూరంలో మైపాడు పెట్టుకుని, 175 కిలోమీటర్లు కారులో పోయి, అక్కడ ఓడెక్కి, పాస్‌పోర్టు చూపించి, శ్రీలంకలోని ట్రింకోమలీ దగ్గర నీళ్లలో తల ముంచి వచ్చాం.

కాబట్టి, విహార ఓడ రేవులో ఆగిన ఆ కాసిని గంటల్లో మంచి స్నార్కెలింగ్ చోటు వెతుక్కోవడం ఎట్లా అన్న విషయం మీద జిల్లా ప్రజలకు నాలుగు మాటలు చెప్పే అర్హత నాకు వచ్చిందని భావిస్తున్నాను.

స్నార్కెలింగ్ అంటే తెలియని వాళ్ల కోసం: కళ్లూ ముక్కూ కలిపి మూసే అద్దం ఒకటి తగిలించుకుని, నోట్లో వంకర గొట్టం కరుచుకుని, నీళ్ల మీద బోర్లా తేలుతూ కింద ఉన్న చేపల్ని చూడటం. చూడటమే. పట్టకూడదు. ఈ ఆఖరి నిబంధన దగ్గరే నెల్లూరు వాడికీ ఈ ఆటకీ చెడుతుంది, ఆ సంగతి తర్వాత. ఇది తెల్లవాళ్లు కనిపెట్టిన విద్య అని మాత్రం అనుకోవద్దు. జలస్తంభన విద్యతో మడుగు అడుగున దాక్కున్న దుర్యోధనుణ్ణి మనం ఎరుగుదుం. ఆ ఘట్టాన్ని తెలుగులో చెప్పింది మన నెల్లూరు కవే. గొట్టం కూడా లేకుండా అంతసేపు ఉన్న ఘనుడు చివరికి పైకొచ్చింది పాండవులు అన్న మాటలు పడలేకగానీ, ఊపిరాడక కాదు.

మా ప్రయాణానికి సాంకేతిక సలహాదారు మా బావమరిది. రొయ్యల రైతు. నీళ్ల గురించి తనకు తెలియంది లేదని వాడి నమ్మకం. ఫోన్‌లో శాటిలైట్ మ్యాపు పెట్టుకుని నెల రోజులు చదివాడు. వాడు తేల్చిన సూత్రాలు నిజంగానే పనికొచ్చేవి కనుక ఉన్నవి ఉన్నట్టు చెబుతాను. ఓడ ఆగిన రేవులోనే దిగొద్దు. పెద్ద ఓడల కోసం అడుగు తవ్వి ఉంటారు, వచ్చే పోయే ఓడలు బురద లేపుతుంటాయి, మన చెయ్యి మనకే కనపడదు. ఏరు సముద్రంలో కలిసే చోటికీ పోవద్దు. మట్టీ మంచినీళ్లూ రెండూ పగడానికి పడవు. మ్యాపులో ఒడ్డు వెంట లేత నీలం మధ్య ముదురు మచ్చలు కనిపిస్తే అక్కడ రాయో, పగడమో, నాచో ఉన్నట్టు. దీవి ఉంటే గాలి కొట్టే వైపు వదిలేసి చాటు వైపు దిగాలి. పొద్దున్నే దిగాలి. పొద్దెక్కి గాలి లేస్తే అల లేస్తుంది, అల లేస్తే ఇసుక లేస్తుంది, ఇక చూసేది ఇసుకే.

కరిబియన్ సముద్రంలో బొనేర్ అనే దీవి ఉంది. దాని చుట్టూ ఉన్న సముద్రాన్ని 1979లోనే రక్షిత పార్కుగా పెట్టుకున్నారు. అక్కడ ఇంత చదువు అక్కర్లేదు. దిగాల్సిన చోటల్లా రోడ్డు పక్కన ఒక రాయికి పసుపు రంగు పూసి పేరు రాసి ఉంచుతారు. మన దగ్గర ఈ పద్ధతి నడవదు. పసుపు పూసిన రాయి కనపడితే మనం చెప్పులు విడిచి హుండీ ఎక్కడుందా అని చూస్తాం.

ట్రింకోమలీకి మే నెల సరైన కాలమే. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు నెల్లూరుని ఎట్లా నానబెడతాయో ఆ తీరాన్నీ అట్లాగే నానబెడతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. ఇంతవరకూ మా వాడి లెక్క బాగానే ఉంది. వాడు మరిచిపోయింది ఒకటే. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. అంటే వంజరం ముక్క మొహం చూసి నెల దాటిన ఏడుగురు నెల్లూరు మనుషుల్ని తీసుకుపోయి, నోటికి గొట్టం బిగించి, చేపల మధ్య వదలబోతున్నాం.

ఓడ పొద్దున ఎనిమిదికి ఆగి సాయంత్రం అయిదుకి బయల్దేరుతుంది. నాలుగున్నరకల్లా ఎక్కేయాలి. కాగితం మీద ఇది బోలెడు సమయం. కాగితాల తనిఖీ, క్యూ, వేను, మా అత్త చెప్పులు వెతకడం పోను ఆరు గంటలు మిగిలాయి. ఇందులో మళ్లీ రెండు దారులు. ఓడవాళ్లే అమ్మే టూరు కొంటే ఖరీదెక్కువ, కానీ వాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వేను మాట్లాడుకుంటే చవక, కానీ ఆలస్యమైతే ఓడ ఆగదు, తర్వాతి రేవుకి మన ఖర్చుతో మనం పోయి అందుకోవాలి. మా వాళ్లు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వేను మాట్లాడారు. "ఓడ కదిల్తే ఏంది బావా, ఆర్టీసీ బస్సుకి ఎత్తినట్టు చెయ్యెత్తుదాం" అన్నాడు మా సలహాదారు.

మా అత్త సమస్య వేరు. ఆమెకి లంక అంటే శాంకరీదేవి. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిది. ఆ గుడి ఊళ్లోనే కోనేశ్వరం కొండ మీద ఉంది. "ఇంత దూరం వచ్చి అమ్మవారిని చూడకుండా చేపల్ని చూస్తే కళ్లు పోతాయి అల్లుడూ" అంది. అప్పుడు మా బావమరిది తన నెల రోజుల చదువంతా బయటికి తీశాడు. ఆ కొండ మీది పాత కోవెలని పోర్చుగీసు వాళ్లు 17వ శతాబ్దంలో కూలగొట్టారు. 1956లో ఆర్థర్ క్లార్క్, మైక్ విల్సన్ అనే ఇద్దరు కొండ కింద సముద్రంలో దిగి ఆ శిథిలాల్ని చూశారు. ఈ రెండూ నిజాలే. వీటి మీద వాడు కట్టిన వాదనకి మాత్రం ఏ న్యాయవాదైనా చేతులు జోడించాలి: "పాత గుడి నీళ్లలో ఉందమ్మా. కాబట్టి నీళ్లలో తల పెట్టి చూడటం కూడా దర్శనమే."

మా అత్త అయిదు నిమిషాలు ఆలోచించి, "అట్టయితే స్నానం చేసి దిగాలా, దిగితే అదే స్నానమా?" అని అడిగింది.

మేం దిగబోయేది ఆ కొండ కింద కాదని, అక్కడికి పదిహేను కిలోమీటర్లు ఉత్తరాన నీలవేలి దగ్గరని ఆమెకి ఎవరూ చెప్పలేదు. కుటుంబం నిలబడాలంటే కొన్ని కొలతలు దాచాలి.

నీలవేలి ఒడ్డుకి కిలోమీటరు దూరంలో పావురాల దీవి. బ్రిటిష్ వాళ్ల కాలంలో దాన్ని కాల్పుల గురికి వాడుకున్నారు, 2003లో జాతీయ పార్కు చేశారు. ఒడ్డున టికెట్టు తీసుకుని పడవలో పోవాలి. మగవాళ్లం బనీన్ల మీద లైఫ్ జాకెట్లు బిగించాం. మా అత్త నైటీ మీద టవలు, టవలు మీద జాకెట్టు వేసుకుని సిద్ధమైంది. అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మి రుద్ది కడగమన్నాడు పడవ అబ్బాయి. అది నిజంగా పనిచేసే చిట్కా. "దర్శనానికి పోతా ఉమ్మడమేంది" అని ఆమె ఒప్పుకోలేదు, ఆవిరిలోనే దర్శనం చేసుకుంది. ఒళ్లు నల్లబడుతుందని మా ఆవిడ సన్‌స్క్రీన్ తీసింది. కొన్ని క్రీములు పగడాన్ని చంపుతాయనే అనుమానంతో హవాయిలో 2021 జనవరి నుంచి ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవాటి అమ్మకం ఆపేశారని, నిండు చేతుల చొక్కా వేసుకుంటే సరిపోతుందని చెప్పాను. "నల్లబడేది హవాయి వాళ్లా, నేనా?" అంది.

నీళ్లలో తల పెట్టాక కాసేపు, నిజం చెబుతున్నాను, మా ఏడుగురిలో ఎవరూ మాట్లాడలేదు. బడిలో ప్రవాళ భిత్తికలు అని నోరు తిరగని పేరుతో బట్టీ పట్టింది ఇదా అనిపించింది. జింక కొమ్ముల్లా, మెదడు మడతల్లా, తిరగేసిన గొడుగుల్లా, కింద ఒక ఊరు ఊరే ఉంది.

మొదట తల ఎత్తింది మా బావమరిది. మొహం బాగా లేదు. "నీళ్లలో పస లేదు బావా" అన్నాడు. "ఇంత తేటగా ఉంటే ఎట్టా? నీళ్లలో తేలే సన్న మేత, ప్లాంక్టనే లేదు. నా చెరువు నీళ్లు ఇట్టా తేలిపోతే నాకు నిద్ర పట్టదు. వీటికి మేత ఎవురేస్తుండారు?" వాడు అడిగిన ప్రశ్నలో చాలా పెద్ద విషయం ఉంది, పాపం వాడికి తెలియదు. పగడం బతికేది అట్లాంటి పస లేని తేట నీళ్లలోనే. దాని ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. ఎండ తగిలితే ఆ నాచు వండి పెడుతుంది, ఇది తింటుంది. నీళ్లు మడ్డి అయితే ఎండ దిగదు, నాచు వండదు, పగడం పస్తు. ఫీడు బస్తా, ఏరియేటరు, చెక్‌ట్రే, కరెంటు బిల్లు ఏదీ లేకుండా ఇంత పంట ఎట్లా పండుతోందో వాడికి మింగుడు పడలేదు. ఓడెక్కేదాకా అదే ధ్యాస.

అప్పుడే వచ్చింది సొర. రెక్క కొసన నల్ల మచ్చ, మా మేనల్లుడంత పొడుగు. పావురాల దీవి దగ్గర ఈ నల్లమచ్చ సొరలు మామూలే, తమ దారిన తాము పోతాయి, మనిషి జోలికి రావు. పక్కనున్న విదేశీయులు ఊపిరి బిగబట్టారు. మా అత్త మాత్రం నోట్లోంచి గొట్టం లాగేసి, దీవి అంతా వినపడేటట్టు కేక పెట్టింది. "పాలసొర! బాలింతకి బంగారం! మన పద్దకి పురిటప్పుడు ఎంత తిరిగినా దొరకలా!" ఆమెకి అది పాలసొర కాదని, వేరే జాతి అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. గొట్టంలోకి నీళ్లు పోయాయి.

ఆ తర్వాత ఇక ఎవర్నీ ఆపలేకపోయాం. సీతాకోక చేప కనపడితే చందువా పిల్ల అన్నారు. చిలక చేప కనపడితే పులుసా, వేపుడా అని నీళ్లలోనే ఓటింగు జరిగింది. ఆ చిలక చేప పగడపు రాయిని కొరికి, నమిలి, వెనక నుంచి ఇసుకగా వదులుతుందని, అలాంటి దీవుల్లో మనం ఫొటోలు దిగే తెల్లటి ఇసుకలో దాని కృషి చాలా ఉందని నేను చెప్పాక మా ఆవిడ కాళ్లు రెండుసార్లు కడుక్కుంది. ఇంతలో మా బావమరిది అలిసిపోయి పగడం మీద నిలబడ్డాడు. పడవ అబ్బాయి అరిచిన అరుపు తమిళమో సింహళమో తెలియదుగానీ అర్థం మాత్రం స్పష్టంగా తెలిసింది. గుండ్రాయిలాంటి పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. వాడు తొంభై కిలోలు.

తర్వాత కొండెక్కి అమ్మవారిని చూశాం, ఓడ అందుకున్నాం. అందులో చెప్పుకోదగ్గదేం లేదు, పరుగెత్తాం అంతే.

తిరిగొచ్చాక నాకు జిల్లా అభిమానం పొంగింది. రేపు ఒక విహార ఓడ మన కృష్ణపట్నంలో ఆగిందనుకుందాం. బొగ్గు ఓడల మధ్యన అందంగానే ఉంటుంది. అందులోంచి రెండు వేల మంది అద్దాలు, గొట్టాలు పట్టుకుని దిగి "ఎక్కడ దూకమంటారు?" అని అడిగితే జిల్లా పరువేం కావాలి? పై సూత్రాలన్నీ పట్టుకుని వెతికాను. మైపాడు ఇసుక. అటు ప్రకాశంలో కొత్తపట్నం ఇసుక, పాకల ఇసుక. పెన్న ఒక పక్క, కృష్ణ ఒక పక్క తెచ్చి పోసే ఒండ్రు. దేశంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు మన్నార్, కచ్ సింధుశాఖల్లో, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్‌లో ఉన్నాయిగానీ మన వైపు చూడలేదు.

అన్ని సూత్రాలకీ సరిపోయిన చోటు చివరికి ఊళ్లోనే దొరికింది. రైల్వే అండర్ బ్రిడ్జి. గాలికి చాటు. అల లేదు. రేవుకి దూరం. లోతు గోడ మీదే తెలిసిపోతుంది. పైగా అక్టోబరులో వానలు పట్టి ట్రింకోమలీలో ఆట ఆగేసరికి సరిగ్గా మన దగ్గర నీళ్లు నిండుతాయి, కనుక రెండు ఊళ్లకీ పోటీ కూడా లేదు. ఇతర దేశాల్లో మునిగిన ఓడల్ని చూడటానికి డబ్బులు కట్టి మరీ దిగుతారు. మన దగ్గర మునిగిన ఆటో ఉంటుంది, ఒక్కోసారి పైన కూర్చున్న డ్రైవరుతో సహా. తేటదనం ఒక్కటే సమస్య. అది అధికారులు చూసుకోవాలి.

నీళ్లలో దిగడం మనకేం కొత్త కాదు. స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకునే ఊరు మనది. కాకపోతే మన సరిహద్దు మోకాలి లోతు. అది దాటితే విదేశం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఏ టూరూ కొనకుండా, పాస్‌పోర్టు లేకుండా, గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకే వస్తాయి. వాటికోసం నెల్లూరు నుంచి కారు తీసినవాణ్ణి నేను చూడలేదు. చచ్చి కొట్టుకొస్తే మాత్రం సెల్ఫీ దిగుతాం.

వేట నిషేధం ఎత్తేసిన వారానికి, పరిశోధన పూర్తి చేద్దామని, అద్దం గొట్టం పట్టుకుని మైపాడు పోయాను. మోకాలి లోతులో బోర్లా పడుకుని తల ముంచాను. చిక్కటి టీ. పైకి లేచేసరికి పిలకాయలు పదిమంది చుట్టూ చేరారు, దూరంగా పోలీసు విజిలు. వల బాగు చేసుకుంటున్న పెద్దాయన ఒకాయన లేచి వచ్చాడు.

"ఏం పోగొట్టుకున్నావు సామీ? ఉంగరమా, పళ్ల సెట్టా?"

"ఏం లేదు పెద్దాయనా. చేపలు చూద్దామని."

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "నీళ్లలో యాడుంటాయి సామీ, ఇవిగో బుట్టలో ఉంటే" అన్నాడు.

రెండు కిలోల కానాగంతలు తీసుకుని ఇంటికొచ్చాను. ఆ రోజు నుంచీ అద్దం మా వంటింట్లో మేకుకి వేలాడుతోంది. ఎర్రగడ్డలు కోసేటప్పుడు మా అత్త పెట్టుకుంటుంది, చుక్క నీళ్లు రావు. గొట్టం పెరట్లో పొయ్యి దగ్గర ఉంది. మట్టి దాకలో పులుసు పెట్టిన రోజు ఊదుగొట్టంగా వాడుతున్నాం. వంకర ఉండటం వల్ల పొగ మొహాన కొట్టదు. కొస మాత్రం కాస్త కరిగింది.